గంజి తాగిన కారు

ఆ కారును నేను రెండుసార్లు రోకలితో కొట్టాను. మొదటిసారి నా కోపం కొద్దీ కొట్టాను. రెండోసారి మా ఆయన కొట్టమంటే కొట్టాను. మొదటి దెబ్బ సంగతి గద్వాలలో మా వీధి వీధంతా ఇప్పటికీ ఉప్పూకారం చల్లుకుని చెప్పుకుంటుంది. రెండోదాని సంగతి మా ఇంట్లో ముగ్గురికే తెలుసు. అడిగేవాళ్ళు మొదటిదే అడిగి, పకపకా నవ్వి వెళ్ళిపోతారు కాబట్టి నేను రెండోదాని దాకా ఎప్పుడూ రాలేదు.

మాది నేత ఇల్లు. ముందు వసారా, వెనక వంటిల్లు, పక్కన మగ్గాల కొట్టం. కొట్టంలో రెండు గుంట మగ్గాలు. ఒకదాని మీద మా బావ, అంటే మా ఆయన అన్న, సాదా నూలు చీరలు నేస్తాడు. ఆయన భార్య, మా అక్క, పోయినప్పటి నుంచి ఆయన అంచు చీరల జోలికి పోలేదు. గద్వాల అంచుకు ఒక్క మనిషి చాలడు. రెండో మగ్గం మాది. గుంటలోకి కాళ్ళు దించుకుని మా ఆయన కూర్చుంటాడు, అటు అంచు దగ్గర నేను కూర్చుంటాను. ఒళ్ళంతా నూలు, అంచులు పట్టు. ఆయన విసిరిన నాడె దారం మోసుకుంటూ పడుగు మధ్య నుంచి నా దగ్గరికి వస్తే, ఆ దారాన్ని అంచు పట్టుతో మెలివేసి నేను తిరిగి పంపాలి. పొద్దంతా మా ఇద్దరి మధ్య ఆ నాడె తిరుగుతూనే ఉంటుంది. ఆయన కుడిచెయ్యి ఆడితేనే నా చెయ్యి ఆడుతుంది, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు, నేను కారు మీద ఎందుకు పగబట్టానో ఎవరికైనా అర్థమవుతుంది.

పగ అసలు పెళ్ళినాడే మొదలైంది. మా పుట్టింటివాళ్ళది నాగర్‌కర్నూలు. నన్ను గద్వాలకు తెచ్చింది ఆ కారులోనే. అది వనపర్తిలో ఉండే మా ఆయన మేనమామది. తెల్లరంగు, గుండ్రటి ముక్కు, లావాటి ఒళ్ళు. పెళ్ళిళ్ళకు కిరాయికి తిప్పేవాడు. ఎర్రవల్లి చౌరస్తా దాటాక అది ఆగిపోయింది. మామ బానెట్ ఎత్తి లోపల సుత్తితో కొట్టాడు, తిట్టాడు, మళ్ళీ కొట్టాడు. చివరికి అందరూ దిగి తోశారు. అందరూ అంటే నేను కూడా. నుదుటి మీద బాసికం ఊగుతుండగా కారు తోసిన పెళ్ళికూతురిని ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా ఆయన నా పక్కనే తోస్తూ నా వైపు చూసి నవ్వాడు. నాకు ఆ నవ్వు నచ్చింది, కారు నచ్చలేదు.

చాలా ఏళ్ళకు మామ కళ్ళు మసకబారి నడపడం మానేశాడు. కారు ఆయన ఇంటి ముందు ఎండకు ఎండింది, వానకు తడిసింది. మా ఆయన వెళ్ళి అడిగితే "పట్టుకపో అల్లుడా" అన్నాడట. ట్రాక్టరు వెనక తాడు కట్టి, అమరచింత మీదుగా జూరాల దాటించి, మా గుమ్మం ముందుకు లాక్కొచ్చాడు.

"ఏందిది?" అని అడిగాను.

"కారు."

"నాకు కండ్లున్నయి. ఎందుకని అడుగుతున్న."

"బాగు చేస్త. నిన్ను దీంట్ల కూసోబెట్టుకొని నాగర్‌కర్నూలు తీస్కపోత. ఈసారి తొయ్యనియ్య."

నేను ఇంకా ఏదో అనబోతే ఒక మాటన్నాడు. "గుంటల కూసున్నోనికి నడుము కాడికే లోకం కనపడ్తది. కూసునుడు ఎట్లాగూ తప్పది. జర కదిలేదాంట్ల కూసుంట." చిన్నప్పటి నుంచి ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. ఆ మాటకు లోపలికి పోయి ట్రాక్టరు మనిషికి మజ్జిగ తెచ్చిచ్చాను.

బావ ఊరుకోలేదు. కొట్టం వాకిలి చిన్నదని మా ఆయన గడ్డపారతో గోడ పగలగొట్టి కారును లోపలికి తోయిస్తుంటే, బావ తన మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చి ఆయన కాలరు పట్టుకున్నాడు. "నూలు మీద ఒక్క నూనె చుక్క పడితె నీ తలకాయ పలగ్గొడ్త" అన్నాడు. బావ ఊరికే అనే మనిషి కాదు. ఆ ఇంట్లో కోపం మగ్గాలతోపాటు వారసత్వంగా వచ్చింది. నేను పుట్టింటి నుంచి నా వాటా వేరే తెచ్చుకున్నాను.

మీట నొక్కితే మోగే కారు కాదది. ముక్కు కింద ఒక బొక్క ఉంటుంది, దాంట్లో ఇనుప హ్యాండిల్ దూర్చి బలంగా తిప్పాలి. మొదటి రోజే అది మా ఆయనను కొట్టింది. ఆయన కిందికి నొక్కి తిప్పాడు, ఇంజను ఒక్కసారి దగ్గి ఎదురు తిప్పింది. హ్యాండిల్ వెనక్కి తిరిగి ముంజేతి మీద కొట్టిన చప్పుడు నాకు వంటింట్లోకి వినిపించింది. నేను వచ్చేసరికి ఆయన చెయ్యి కడుపులో పెట్టుకుని నేల మీద ముడుచుకుని ఉన్నాడు. ఊడిన హ్యాండిల్ ఎగిరిపోయి నీళ్ళకుండను ముక్కలు చేసింది. మణికట్టు సాయంత్రానికి బూరెలా పొంగింది.

స్కూటర్లు బాగుచేసే అతను వచ్చి చూసి, "ఇంజన్ల నిప్పు జల్ది పడ్తుందన్నా, అందుకే ఎదురు తంతుంది. నాలుగు వేళ్ళతోనే హ్యాండిల్ పట్టాలె. బొటనేలు కూడా ఇవతల్నే ఉంచాలె. చుట్టూ పడితె ఏదో ఒకనాడు ఊడొస్తది" అన్నాడు. మా ఆయన తలూపాడు. కానీ నాడెను విసిరే తాడు పిడిని బొటనవేలు చుట్టి పట్టుకోవడం ఆయనకు పదేళ్ళప్పటి అలవాటు. చెయ్యి హ్యాండిల్‌ను తాకగానే బొటనవేలు దానంతటదే చుట్టుకునేది. నేను ఎదురుగా నిలబడి "ఏలు! ఏలు!" అని అరిచేదాన్ని. ఆయన తీసేవాడు, రెండోసారి తిప్పేటప్పటికి మళ్ళీ చుట్టేవాడు.

"ఆ కారు నీ చెయ్యి తింటది. తిన్నాక నాడె ఎవరు విసురుతరు? నీ మేనమామ వస్తడా?" అన్నాను.

"నీ నోట్ల మంచి మాట రాదా?"

"మంచి బండి తే, మంచి మాట వస్తది."

పొద్దున మగ్గం, మధ్యాహ్నం తిండి కాగానే కారు. ఫోన్లో వీడియోలు చూసేవాడు, విప్పేవాడు, బిగించేవాడు. నిప్పురవ్వ పుట్టే చోట రెండు చిన్న ఇనుప పెదవులుంటాయి, వాటి మధ్య సందు సరిగ్గా ఉండాలట. దాన్ని కొలవడానికి పడుగు దారాలను విడదీసే పాత అచ్చులోంచి ఒక పల్చటి పలక పీకి తెచ్చాడు. అది సరిపోయింది కూడా. ఆ రోజు ఇంజను నాలుగు గుండెలతో ఒకే వరసన మోగితే, నేనూ చెవి పెట్టి విన్నాను. మగ్గం బాగా ఆడేటప్పుడు చెవికి తెలుస్తుందే, అలాగే తెలిసింది. ఎంత బాగుందో చెప్పలేదు, చెప్తే ఇంకా విప్పుతాడని.

విప్పనే విప్పాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, బాగున్నదాన్ని ఇంకా బాగు చెయ్యబోయి పాడు చేసేవాడు. నిప్పుపడే వేళను కొంచెం ముందుకు జరిపితే ఇంజను కులాసాగా మోగుతుంది, కానీ హ్యాండిల్ ఎదురు తంతుంది. వెనక్కి జరిపితే తన్నదు, కానీ మూలుగుతుంది, నల్లగా పొగ కక్కుతుంది. ఆయన ఎప్పుడూ మోతనే కోరుకున్నాడు. చెయ్యి వాయడం, నేను పసుపూ సున్నం పట్టించడం, మర్నాడు ఆయన పళ్ళు బిగబట్టి నాడె విసరడం మామూలైపోయింది. ఒకసారి కార్బొరేటర్ నోట్లోంచి మంట లేచి ఆయన కనుబొమలు కాల్చింది. బావ గోనెసంచి తడిపి ముందు మంట మీద, తర్వాత మా ఆయన వీపు మీద కొట్టాడు. పెట్రోలు సంగతి చెప్పనక్కర్లేదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు.

రోకలి దాకా వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. ఇంజను మోగుతోంది. ఆయన చెవి ఒగ్గి వింటూ ఏదో తిప్పుతున్నాడు. "జర గీ తీగె గుంజి పట్టుకో" అన్నాడు. నేను కొంగు నడుములో దోపుకుని వంగాను. కొంగు ఎప్పుడు జారిందో నాకు తెలియదు. రేడియేటర్ వెనక గిర్రున తిరిగే ఫ్యాన్‌కు అది అందింది.

చీర నన్ను లోపలికి గుంజుకుంది. నుదురు ఇనుప పట్టీకి కొట్టుకుని చిట్లింది. గొంతు చుట్టూ గుడ్డ బిగుసుకుపోయింది, అరుద్దామంటే గాలి లేదు. కళ్ళలో రక్తం. అంగుళాల దూరంలో ఫ్యాన్ రెక్క నా చీరను చుట్టుకుంటూ కొట్టుకుంటోంది. ఆయన నిప్పు తీగను ఒట్టి చేత్తో పట్టి పీకేశాడు. కరెంటు కొట్టి భుజం దాకా చెయ్యి ఎగిరిపడటం ఆ స్థితిలో కూడా నాకు కనపడింది. ఇంజను ఆగింది. నూలు కత్తెర తెచ్చి నా మెడ దగ్గర చీర కోశాడు.

"కూసో, కూసో, నీళ్ళు తెస్త" అని వంటింట్లోకి పరిగెత్తాడు.

ఆయన నీళ్ళతో వచ్చేసరికి నేను రోకలితో ఉన్నాను. కుడి దీపం పగలగొట్టాను. ఎడమ దీపం పగలగొట్టాను. బానెట్ మీద ఎన్ని దెబ్బలు వేశానో తెలియదు. అత్త మీది కోపం దుత్త మీద అంటారు. నాకు కోపం దుత్త మీదే, చూపించిందీ దుత్త మీదే. వీధి మొత్తం పగిలిన గోడ దగ్గర చేరింది. సగం చీరతో, మొహం నిండా రక్తంతో ఒక ఆడది కారును బాదుతుంటే ఎవరు రారు?

మా ఆయన చెంబు పడేసి రోకలి పట్టుకున్నాడు. నేను వదల్లేదు. ఇద్దరం గుంజుకున్నాం. అప్పుడు చెంప మీద కొట్టాడు. అంతకుముందు ఎన్నడూ కొట్టలేదు. ఏ చేతికి దెబ్బ తగులుతుందేమోనని రోజూ ప్రాణం పిడికిట్లో పెట్టుకున్నానో, ఆ చేతితోనే కొట్టాడు.

"నీ చెయ్యి పడిపోను!" అన్నాను. అందరూ విన్నారు.

బావ మగ్గం మీద నుంచి వచ్చి తమ్ముణ్ణి రెండు వాయించాడు. "ఆడిదాని మీద చెయ్యి లేపుతవారా? అమ్మ గిట్లనే పెంచిందా?" మా ఆయన తిరగబడలేదు. కారు చక్రానికి ఆనుకుని కూలబడి, "సచ్చిపోతదనుకున్ననే" అని ఏడ్చాడు. భయం ఎటు పోవాలో తెలియక నా చెంప మీదికి వచ్చిందని తర్వాత నాతో చెప్పాడు. అయ్యుండొచ్చు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

కోపమొస్తే వేరేవాళ్ళ ఇళ్ళలో మొగుడూ పెళ్ళాం చెరో గదిలోకి పోతారు. మాకు ఆ సుఖం లేదు. మగ్గం మీద చీర సగంలో ఉంది. మర్నాడు పొద్దున నుదుటికి కట్టుతో నేను, వాచిన మొహంతో ఆయన, అటూ ఇటూ కూర్చున్నాం. మాట లేదు. నాడె మాత్రం వస్తోంది, పోతోంది. ఆయన మామూలు కంటే గట్టిగా విసిరాడు, నేను అంతకంటే గట్టిగా లాగి మెలివేశాను. సాయంత్రం బావ వచ్చి చీర మీద చెయ్యి పెట్టి చూశాడు. నిన్నటిదాకా తిన్నగా వచ్చిన అంచు ఆ రోజు నేసిన మేర లోపలికి ముడుచుకుపోయింది. "మీ లొల్లి చీరకు ఎక్కుతుంది. కట్టుకునేటామె ఏం పాపం చేసింది?" అన్నాడు. మేమిద్దరం తల వంచుకుని ఆ ముక్క మళ్ళీ విప్పాం. మాట అయితే కలవలేదు.

నా చీర చుట్టుకున్నప్పుడు ఫ్యాన్ రెక్క వంగిందని ఎవరం చూడలేదు. అది తిరిగినప్పుడల్లా రేడియేటర్‌ను గీరి గీరి సన్నటి బొక్కలు చేసింది. ఇంజను వేడి తగ్గించే నీళ్ళు బొట్లుబొట్లుగా కారడం మొదలైంది. వేరేవాళ్ళయితే మాటు వేయించేవారు. లారీవాళ్ళు పసుపు పోస్తారని విన్నాను. మా ఆయన నేతగాడి బుర్రతో ఆలోచించాడు. పడుగు నూలుకు గంజి పడితే దారంలో సందులన్నీ మూసుకుని గట్టిపడుతుంది. నీళ్ళు కారే సందులు గంజికి మాత్రం మూసుకోవా అనుకున్నాడు. ఈ ఆలోచన భూమ్మీద మా కులంవాళ్ళకు తప్ప ఇంకొకరికి రాదు.

ఆ పొద్దున బావ పడుగుకు గంజి పట్టడానికి వీధి పొడుగునా నూలు సాపి ఉంచాడు. మా ఇంట్లో గంజి కాచేది బావే. ఎంత చిక్కగా ఉండాలో, ఎంత పులియాలో ఆయనకే తెలుసు, మమ్మల్ని గరిటె కూడా ముట్టనివ్వడు. కుంచె పట్టుకుని వచ్చి చూస్తే కుండలో సగం లేదు. కారు దగ్గర నేలంతా తెల్లటి చుక్కలు.

"తమ్మీ, గంజేది?"

"జర కారుల పోసిన. కారుడు బందయింది సూడు."

బావ చేతిలో గంజి కుంచె ఉంది. బారెడు కర్ర, గట్టి గడ్డి వేళ్ళతో కట్టిన కుంచె. దాంతో మా ఆయన మొహం మీద కొట్టాడు. పెదవి చిట్లింది. ఈసారి మా ఆయన ఊరుకోలేదు. తలతో బావ పొట్టలో పొడిచాడు. ఇద్దరూ సాపిన పడుగు మీద పడ్డారు. దారాలు పుటపుటా తెగుతున్నాయి, కొయ్యలు ఊడొస్తున్నాయి, అన్నదమ్ములు నూలులో చుట్టుకుపోయి గుద్దుకుంటున్నారు. "నా అన్నం తీస్కపోయి ఇనుముకు పోస్తవా!" అని బావ, "నువ్వెప్పుడన్న నన్ను మనిషిగ సూసినవా!" అని మా ఆయన. ఎవరూ విడదీయడానికి రాలేదు. నేను బిందెడు నీళ్ళు తెచ్చి కుక్కల మీద పోసినట్టు ఇద్దరి మీదా పోశాను. అప్పుడు ఆగారు.

బావ తడి నూలులో కూర్చుని ఆయాసపడుతూ అన్నాడు. "గంజి ఎండితె రాయైతదిరా. కాగితె పొంగుతది. నీకు తెల్వదా?"

"ఆగింది గద" అన్నాడు మా ఆయన, పెదవి తుడుచుకుంటూ.

నిజంగానే ఆగింది. కొత్త దీపాలు పెట్టించాడు. ఇటిక్యాల దాకా పోయి వచ్చాడు, చుక్క కారలేదు. ఆ రోజు మగ్గం దగ్గర మొదటిసారి నాతో మాట్లాడాడు. నాడె చేతిలోనే పెట్టుకుని, విసరకుండా, "నీ మీద చెయ్యేసిన. ఒక్కసారి నాగర్‌కర్నూలు తీస్కపోనియ్యి. తర్వాత దాన్ని అమ్మమన్నా అమ్ముత" అన్నాడు. నా కోపం పోలేదు. కానీ ఆ మొహం చూస్తే పెళ్ళినాడు పక్కన కారు తోసిన మనిషి గుర్తొచ్చాడు. సరేనన్నాను.

బయల్దేరేటప్పుడు హ్యాండిల్ తిప్పబోతుంటే "ఏలు!" అని అరిచాను. ఆయన బొటనవేలు తీసి, నాకు చూపించి, నవ్వి తిప్పాడు. ఒక్కసారికే మోగింది. బీచుపల్లి వంతెన మీద కృష్ణ నిండుగా ఉంది. ఆయన బండి నెమ్మది చేసి కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. "ఎంత దూరం కనపడ్తుందో సూడు" అన్నాడు. నాకు సంతోషమేసింది. దాచుకోవడం ఎందుకు, ఆ గంటసేపు నేను కారు మీద పగ మర్చిపోయాను.

వనపర్తి దాటి బిజినేపల్లి వైపు పోతుండగా నాకు ఒక వాసన వచ్చింది. అన్నం వార్చేటప్పటి వాసన. తర్వాత పడుగు పట్టే పొద్దున వచ్చే పులిసిన వాసన.

"యాడనో గంజి పొంగుతుంది" అన్నాను.

ఆయన ఇంజను వేడి చూపే ముల్లు చూశాడు. అది చివరకంటా పోయింది. బండి పక్కకు తీసి దిగాడు. బానెట్ కింద నుంచి ఆవిరి బుసకొడుతోంది. "ముట్టకు, చల్లారనియ్యి!" అని నేను దిగేలోపే ఆయన బానెట్ ఎత్తి, భుజం మీది తువ్వాలు కుడిచేతికి చుట్టుకున్నాడు. నీళ్ళయితే ఆవిరి పోయి తగ్గేవే. గంజి లోపల సందులన్నీ పూడ్చేసింది, దారి లేక ఉడికి కాచుకుని ఉంది. రేడియేటర్ మూత సగం తిరగగానే అది పేలింది.

తెల్లటి గంజి నిలువునా ఎగిరి ఆయన చేతి మీద పడింది. ఆయన అరుపు నేను ఇక్కడ రాయలేను. నీళ్ళు పడితే జారిపోతాయి. గంజి జారలేదు. తువ్వాల్లోకి ఇంకి, చర్మానికి పట్టుకుని, పట్టుకున్నచోటే ఉడికించింది. ఆయన చెయ్యి విదిలిస్తూ గుండ్రంగా తిరుగుతున్నాడు. నాకు ఆ క్షణంలో జాలి రాలేదు, కోపమొచ్చింది. ముందు ఆయన వీపు మీద గుద్దాను. గుద్దుతూ ఏడ్చాను. ఆ తర్వాతే తువ్వాలు కొసపట్టి గుంజాను. తువ్వాలుతోపాటు అరచేతి చర్మం వచ్చింది.

పక్కన వేరుశనగ చేనులో బోరు పోస్తోంది. మెడ పట్టుకుని ఈడ్చుకుపోయి ఆ చెయ్యి నీళ్ళ కింద పెట్టి, ఆయన పెనుగులాడుతుంటే మీద కూర్చుని నొక్కి పట్టుకున్నాను. నన్ను కరిచాడు కూడా. ఒక ఆటోవాడు ఆగి వనపర్తి దవాఖానకు చేర్చాడు. దారంతా ఆయన ఒకటే మాట. "ఏళ్ళు ఉన్నయా? సూడు, ఏళ్ళు ఉన్నయా?"

వేళ్ళు ఉన్నాయి. కానీ మానేటప్పుడు చర్మం ముడుచుకుపోయి, బొటనవేలు అరచేతి వైపు వంగి అక్కడే బిగిసింది. ఎన్నిసార్లు అరిచినా చుట్టుకోకుండా ఉండని ఆ వేలు, ఇక విప్పుకోనంటే విప్పుకోనంది. మిగతా వేళ్ళు సగం కదులుతాయి. పిడి పట్టుకోవు. ఇంటికి వచ్చాక ఒకరోజు ఆయనే అన్నాడు, "నీ నోటి మాట తగిలిందే." ఎగతాళికి అన్నాడు, కానీ గొంతు పలికిన తీరు వేరు.

"నా నోటికి గంత బలముంటె ముందు ఆ కారు కాలిపోయేది" అన్నాను. తర్వాత వంటింట్లోకి పోయి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

కారును బావే ట్రాక్టరుకు కట్టి తెచ్చాడు. రేడియేటర్ విప్పి తిరగేస్తే గంజి గడ్డలు గడ్డలుగా రాలింది. బావ ఒక గడ్డను చేత్తో నలిపి చూసి, "నేను కాచిందే" అని, ఆ గడ్డలన్నీ తానే ఊడ్చి ఎత్తిపోశాడు. ఆ రోజు నుంచి ఆయన తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

వడ్డేపల్లి నుంచి పాతసామాను కొనేవాళ్ళు కారును విప్పి తీసుకుపోవడానికి వస్తామన్నారు. వాళ్ళు వచ్చే ముందు మా ఆయన రోకలి తెచ్చి నా ముందు పెట్టాడు. ఎడమ సంకలో ఇరికించుకుని తెచ్చాడు.

"కొట్టు" అన్నాడు.

"ఎందుకు? ఎట్లాగూ పోతుంది గద."

"నేనే కొడదామని సూసిన. పట్టొస్తలేదు."

కొట్టాను. మొదటిసారి ఉన్న కోపం లేదు, చెయ్యి లేవలేదు, రోకలి బానెట్ మీద ఉత్తగా పడింది. "గట్టిగ" అన్నాడు. మళ్ళీ కొట్టాను. అప్పుడు ఆయన పక్కకు వచ్చి, ముడుచుకుపోయిన కుడిచేతిని నా చేతుల మీద ఆనించాడు. ఆ చెయ్యి దేన్నీ పట్టుకోలేదు, ఊరికే బరువు వేసింది. అట్లా ఇద్దరం కలిసి కొట్టాం. అద్దం పగిలింది, తలుపు సొట్టపోయింది. ఆయన నోరు తెరిచి ఏడుస్తున్నాడు, నేను ఏడుస్తున్నాను, బావ తన మగ్గం మీద నాడె ఆపేసి మమ్మల్నే చూస్తూ కూర్చున్నాడు. వారించలేదు.

ఇప్పుడు గుంటలో కాళ్ళు పెట్టుకుని నేను కూర్చుంటాను. నాడె నేను విసురుతాను. అటు అంచు దగ్గర ఆయన కూర్చుని ఎడమచేత్తో అందుకుని, ఆ ముడుచుకున్న చేత్తో దారం నొక్కిపెట్టి, మెల్లగా మెలివేస్తాడు. గుంటలో నుంచి లోకం నిజంగానే నడుము దాకే కనపడుతుంది. మొదటి చీర ముప్పావు వంతు అయ్యాక ఆయన అంచు మీద ఎడమచెయ్యి పెట్టి తడిమి చూశాడు.

"లోపలికి గుంజుకుపోతుంది. శానా గట్టిగ విసురుతున్నవ్. ఇంక కోపమేందే?"

"ఉన్నది" అన్నాను. "నాడె ఇయ్యి."

ఇచ్చాడు.